గట్టు వదిలితేనే టౌబర్

జర్మనీలోని టౌబర్ నది లోయలో మొదటిసారి సైకిల్ తొక్కినప్పుడు నాతో మా బావమరిది ఉన్నాడు. శనివారం పొద్దున రోటెన్‌బుర్గ్‌లో బయల్దేరాం. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకి వెర్ట్‌హైమ్‌లో ఉన్నాం. వంద కిలోమీటర్లు. తిరుగు రైల్లో కూర్చున్నంతసేపూ వాడు సగటు వేగం ఎంత, గుండె ఎంత కొట్టుకుంది, ఏ కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు పట్టింది, అన్నీ ఫోన్లో చదివి వినిపిస్తూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక వాళ్ళక్క ఒక్కటే అడిగింది: "ఇంతకీ అక్కడ ఏం చూశారు?"

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. "ఏరు చూశాం అక్కా," అన్నాడు వాడు.

అబద్ధం కాదు. ఏరే చూశాం. ఆ తరవాత ఆ లోయకి ఇంకో నాలుగుసార్లు వెళ్ళాను, రెండుసార్లు ఒంటరిగా, రెండుసార్లు మళ్ళీ వాడితోనే. ఇప్పుడు ఈ విషయంలో నాకో పట్టుదల ఏర్పడింది. పాత చర్చిల కోసం టౌబర్ లోయకి వెళ్ళేవాళ్ళు గట్టు మీది సైకిల్ బాటని నమ్ముకోకూడదు. చీకట్లో మెట్లెక్కేటప్పుడు గోడ తడుముకున్నట్టు దాన్ని తడుముకుంటూ పోవాలి తప్ప, ఆ బాటే యాత్ర అనుకుంటే మాలాగే ఏరు చూసి ఇంటికొస్తారు.

టౌబర్ పెద్ద నది కాదు. మొత్తం 130 కిలోమీటర్లో ఏమో, అంతే. చాలాచోట్ల అవతలి గట్టు మీద ఉన్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడొచ్చు. జర్మనీ దక్షిణ భాగంలో, బవేరియాకీ బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌కీ సరిహద్దు మీద మెలికలు తిరుగుతూ వచ్చి, వెర్ట్‌హైమ్ దగ్గర మైన్ నదిలో కలుస్తుంది. రోటెన్‌బుర్గ్ నుంచి వెర్ట్‌హైమ్ దాకా సైకిల్ బాటకి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు 'క్లాసికర్'. లోయకేమో 'లీబ్లిఖెస్ టౌబర్‌టాల్', అంటే ముద్దొచ్చే టౌబర్ లోయ అని. జర్మనీ సైకిల్ సంఘం ఏడీఎఫ్‌సీ ఈ బాటకి 5 నక్షత్రాలిచ్చింది. ఆ సంఘం ఇచ్చే నక్షత్రాల్లో అంతకు మించి లేవు.

ఆ నక్షత్రాలు దేనికి ఇస్తారో చూస్తే నా గొడవ మీకు అర్థమవుతుంది. దారి నున్నగా ఉందా, దారిగుర్తులు సరిగ్గా ఉన్నాయా, కార్ల బెడద ఎంత, రాత్రి పడుకోవడానికి చోటుందా, రైలు దగ్గర్లో ఉందా. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. కార్ల మధ్య బిక్కుబిక్కుమంటూ తొక్కిన ఎవడికైనా ఆ నక్షత్రాల విలువ తెలుసు. కాకపోతే అవి చక్రం అడిగే ప్రశ్నలు. కళ్ళు అడిగే ప్రశ్న ఆ జాబితాలో లేదు.

చదునుగా ఉంటుందని బాట ఏటి పక్కన వేశారు. పాతకాలంవాళ్ళకి ఏటి పక్క అంటే మిల్లు, పచ్చిక, వరద. లోయలోని ఊళ్ళలోనూ చర్చిలున్నాయి, కాదనను. కానీ ఈ ప్రాంతంలో జనం పనిగట్టుకుని నడిచి వెళ్ళిన చోట్లు ఎక్కువభాగం పక్క లోయల్లోనో కొండ నెత్తినో ఉంటాయి. ఎక్కడో పొలంలో ఒక మహిమ జరిగిందంటే చర్చి ఆ పొలంలోనే కట్టాలి, దారికి అనుకూలంగా ఉంటుందని ఏటి ఒడ్డుకి జరపరు కదా. అంచేత సైకిల్ వాళ్ళ గీత ఒకటి, యాత్రికుల గీత ఇంకొకటి. రెండూ అక్కడక్కడా తగులుకుంటాయి, అంతే.

గీతలు తగులుకున్న చోట కూడా మనం ఆగం. దానికి నేనే సాక్షిని. రోటెన్‌బుర్గ్ కోట గోడ నుంచి ఏటిదాకా నిటారుగా దిగుడు. బ్రేకులు వేడెక్కి, ఒంట్లో హుషారెక్కి, అప్పుడప్పుడే గాలి చెవుల్లో మోగుతుండగా డెట్‌వాంగ్ అనే చిన్న ఊరొస్తుంది. బయల్దేరి పది నిమిషాలు కాలేదు, ఎవడాగుతాడు? మేమూ ఆగలేదు. అక్కడి పీటర్-పాల్ చర్చిలో అయిదొందల ఏళ్ళ కిందటి చెక్కశిల్పి టిల్మన్ రీమెన్‌ష్నైడర్ చెక్కిన సిలువ దృశ్యం ఉంది. నిజానికి అది పైన రోటెన్‌బుర్గ్‌లో ఇంకో చిన్న గుడి కోసం చేసింది. 1653లో దాన్ని కిందికి తెచ్చారు. ఇక్కడి చోటుకి వెడల్పు ఎక్కువైందని పక్కలు కోసి ఇరికించారు. రెండోసారి వెళ్ళినప్పుడు దాని ముందు నిలబడితే, రద్దీ బస్సులో నిలబడ్డట్టు సిలువ కింద ఒకరినొకరు ఒత్తుకుని నిలబడ్డ ఆ మనుషుల్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతటి శిల్పి పనిని రంపం పెట్టి సర్దేశారు. పైన రోటెన్‌బుర్గ్ సెయింట్ యాకోబ్ చర్చిలో అదే శిల్పి చేసిన పవిత్ర రక్తపు పీఠం (పీఠం అంటే ఇక్కడ పూజాపీఠం మీద నిలబెట్టే చెక్కబొమ్మల అమరిక) దగ్గర టికెట్టు పెట్టి, గుంపులు గుంపులుగా ఎక్కించి చూపిస్తారు. ఇక్కడ డెట్‌వాంగ్‌లో ఆ రోజు నేనూ, ఈగా.

ఇక క్రెగ్లింగెన్. ఊరు ఏటి పక్కనే ఉంది, బాట ఊళ్ళోంచే పోతుంది. మొదటిసారి అక్కడ కాఫీ తాగి వెళ్ళిపోయాం. తూర్పు జర్మనీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన పక్క బల్ల దగ్గర కూర్చుని, "హెర్‌గాట్స్‌కిర్షె చూశారా?" అని అడిగితే, "దారిలో వస్తుందా?" అని అడిగాను. రాదు. ఆ చర్చికి ఊరి నుంచి పక్కకి తిరిగి కిలోమీటరు పైచిలుకు ఓ చిన్న వాగు వెంబడి ఎక్కాలి. ఆ కిలోమీటరు కోసం నేను ఇంకో ఏడాది ఆగాల్సి వచ్చింది.

కథ ఇలా చెబుతారు. 1384 ఆగస్టు 10న ఒక రైతు అక్కడ దున్నుతుంటే నాగలి చాలులో దివ్యసత్ప్రసాదపు అప్పం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే రొట్టె, చెక్కుచెదరకుండా దొరికింది. ఆ ప్రాంతపు దొరలు హోహెన్‌లోహె-బ్రౌనెక్‌లు అక్కడే చర్చి కట్టించారు. 1389లో ప్రతిష్ఠ జరిగింది. ఆ తరవాత నూరేళ్ళు దాటాక, ఇంచుమించు 1505-1510 మధ్య, రీమెన్‌ష్నైడర్ దాని నడుమ మరియమాత మోక్షారోపణ పీఠం నిలబెట్టాడు. తొమ్మిది మీటర్ల పైన ఎత్తు. బొమ్మలన్నీ లిండెన్ చెట్టు కలప. రంగు లేదు. ఆ రోజుల్లో చెక్కబొమ్మ అంటే బంగారు రేకూ నీలం ఎరుపు రంగులూ ఉండాల్సిందే. రీమెన్‌ష్నైడర్ చెక్కని చెక్కలాగే వదిలేశాడు. బయటి ఎండలోంచి లోపలికి అడుగుపెడితే ముందు ఏమీ కనబడదు, చెమట చల్లారి వీపు జిల్లుమంటుంది. కళ్ళు చీకటికి అలవాటు పడేకొద్దీ ముందు చేతులు తేలతాయి, తరవాత మొహాలు, చివరికి మరియమ్మ. కింద నిలబడ్డ అపొస్తలులు ఆమె వెళ్ళిపోతుంటే చూస్తున్న చూపుల్లో సంబరం కన్నా దిగులే ఎక్కువ. ఇంట్లో పెద్దావిడ పోయినప్పుడు వసారాలో కూర్చున్న మగవాళ్ళ మొహాలవి.

అడుగున ఒక మూల పన్నెండేళ్ళ యేసు పండితులతో వాదిస్తుంటాడు. ఆ పండితుల్లో ఒకడి మొహం శిల్పి సొంత మొహమేనంటారు. దాని ముందు వంగి చూసేవాళ్ళ వల్ల అక్కడ ఎప్పుడూ చిన్న వరస ఉంటుంది.

ఇంత గొప్ప పని మనదాకా ఎలా మిగిలిందంటే, ఎవరూ చూడకపోవడం వల్ల. ఊరు లూథర్ మతం, అంటే ప్రొటెస్టెంట్ మతం, పుచ్చుకున్నాక మరియమ్మ పీఠంతో వాళ్ళకి పని లేకపోయింది. తలుపులు మూసి ఉంచేశారు. 1832 దాకా అది అలాగే ఉండిపోయింది. మూడు శతాబ్దాలు పురుగూ పుట్రా తప్ప ఎవరూ దాని జోలికి పోలేదు. ఏటి ఒడ్డున, నడి ఊళ్ళో ఉండుంటే దానికీ ఎవరో ఒకరు రంపం పట్టుకొచ్చేవారని నా అనుమానం.

అదే చర్చికి ఎదురుగా రోడ్డవతల అంగుస్తానాల మ్యూజియం ఉంది. కుట్టుపని చేసేటప్పుడు వేలికి తొడుక్కునే అంగుస్తానాలే, అద్దాల బీరువాల నిండా. మా బావమరిది అందులో ఉన్నంతసేపు చర్చిలో లేడు. అదీ యాత్రలో భాగమే, ఏం చేస్తాం.

ఇప్పుడు 'ముద్దొచ్చే లోయ' అనే మాట గురించి. ఆ మాట మీద నాకు కోపమేమీ లేదు, లోయ నిజంగానే ముద్దొస్తుంది. ద్రాక్షతోటలు, రాతి వంతెనలు, దారి మలుపుల్లో రాతి స్తంభాల మీద చిన్న చిన్న మరియమ్మలు. కానీ గట్టు వెంట గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతే ముద్దు ఒక్కటే మిగులుతుంది. క్రెగ్లింగెన్ నుంచి అర్ధగంట తొక్కితే ర్యోటింగెన్. 1298లో యూదులు సత్ప్రసాదాన్ని అపవిత్రం చేశారన్న పుకారు ఈ ఊళ్ళోనే పుట్టింది. రింట్‌ఫ్లైష్ అనేవాడి వెనక మూక కట్టి ఈ ఫ్రాంకోనియా ప్రాంతమంతటా వేలమంది యూదుల్ని చంపారు. అదే అప్పం. ఇక్కడ ఊచకోతకి సాకు, 86 ఏళ్ళ తరవాత ఎగువన చర్చికి పునాది. ఆ క్రెగ్లింగెన్‌లోనే 1933 మార్చి 25న, హిట్లర్ గద్దెనెక్కి రెండు నెలలైనా నిండకముందే, నాజీ మూకలు యూదుల్ని చావగొడితే ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఊళ్ళో చిన్న యూదు మ్యూజియం ఉంది. హెర్‌గాట్స్‌కిర్షె చూసి వచ్చే దారిలో అది కూడా చూడమని అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను. ఆ పీఠం అందం అందువల్ల తగ్గదు. కానీ ఎవరి ఊళ్ళో నిలబడి చూస్తున్నామో తెలుస్తుంది.

ర్యోటింగెన్‌కి ముందే బీబర్‌ఏరెన్ వస్తుంది. ఓక్సెన్‌ఫుర్ట్ నుంచి వచ్చే పాత రైలు కట్ట మీద వేసిన సైకిల్ బాట అక్కడ కలుస్తుంది. ఆ ఊరి దగ్గరే కొండ మీద, బుర్గెర్‌రోట్ పక్కన, పవిత్ర కునిగుండ పేరున ఒంటరి రాతి చర్చి ఉంది. ముందు ఓ ముసలి లిండెన్ చెట్టు. దాని వయసు వెయ్యేళ్ళంటారు. చెట్టు మాట అటుంచి, ఎక్కేవాడి వయసు మాత్రం అక్కడ కచ్చితంగా తెలిసిపోతుంది. చిన్న గేరులో కూడా నాకు ఊపిరాడలేదు, దిగి తోసుకుంటూ వెళ్ళాను. తోసుకుంటూ వెళ్ళడం నామోషీ కాదు. సంచులు వేలాడేసుకున్న సైకిల్ ఇరవై అయిదు కిలోల పైన ఉంటుంది. చర్చిలు కట్టినవాళ్ళకి సైకిళ్ళొస్తాయని తెలీదు.

ఇక్కడ బ్యాటరీ సైకిళ్ళ గురించి ఓ మాట. నాలాంటి కాళ్ళతో తొక్కేవాళ్ళు వాటిని చూసి మూతి విరుస్తారు. నేనూ విరిచాను. కానీ ఆ కొండ మీద నేను ఆయాసపడుతూ చేరేసరికి డెబ్భై దాటిన దంపతులు చెట్టు కింద రొట్టె తింటూ కనిపించారు, బ్యాటరీ సైకిళ్ళు గోడకి ఆనించి. బ్యాటరీ లేకపోతే వాళ్ళు గట్టు మీదే ఉండిపోయేవాళ్ళు. నా వాదనకి నాకన్నా వాళ్ళే గట్టి ఉదాహరణ.

క్రెగ్లింగెన్ నుంచి ఇంకో పక్క కొండల్లోకి పోతే స్టాన్‌డార్ఫ్. అక్కడి ఉల్రిఖ్ చర్చికి ఎనిమిది మూలలు. ఈ ప్రాంతంలో ఇలాంటి ఎనిమిది పలకల రోమనెస్క్ చర్చిలు మూడున్నాయి. ఇదొకటి, గ్రున్స్‌ఫెల్డ్‌హౌజెన్‌లో అఖాటియుస్ చర్చి ఒకటి, ఓబర్‌విట్టిగ్‌హౌజెన్‌లో సిగిస్‌ముండ్ చర్చి ఒకటి. ఎందుకు ఎనిమిది మూలలు? జెరూసలేం వెళ్ళొచ్చిన క్రూసేడు యోధులు అక్కడి సమాధి చర్చిని తలుచుకుని కట్టించారని ఒక నమ్మకం. పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు. నాకు స్టాన్‌డార్ఫ్‌లో ఆ తగువు తీర్చే తీరిక లేకపోయింది. ఎక్కుడులో వెనక చక్రానికి ఒక చువ్వ టప్పున తెగింది. చక్రం అష్టావక్రంగా తిరుగుతూ బ్రేకుకి రాసుకోవడం మొదలెట్టింది. విడి చువ్వలు ఫ్రేముకి టేపుతో చుట్టి తెచ్చుకున్నాను గానీ, తెగింది గేర్ల పళ్ళచక్రం వైపు. దాన్ని విప్పే పనిముట్టు నా దగ్గర లేదు. వెనక బ్రేకు వదులు చేసుకుని, ముందు బ్రేకు మీదే ప్రాణం పెట్టుకుని మళ్ళీ క్రెగ్లింగెన్‌కి దిగాను. గట్టు వదిలే ఆలోచన ఉన్నవాళ్ళు ఆ పనిముట్టు వెంట పెట్టుకోండి. గట్టు మీద చువ్వలు తెగవు, కొండ మీద తెగుతాయి.

ఇంకో చిక్కు, తాళాలు. ఈ లోయ ఒకప్పుడు ముక్కలు ముక్కలుగా రకరకాల దొరల చేతుల్లో ఉండేది. ఏ దొర ఏ మతమైతే ఊరిదీ అదే. క్రెగ్లింగెన్ లూథరన్, దాని కింద ర్యోటింగెన్ క్యాథలిక్, దాని కింద వైకర్స్‌హైమ్ మళ్ళీ లూథరన్, దాని కింద మెర్గెంట్‌హైమ్ క్యాథలిక్. ఒక్క పూటలో మూడుసార్లు మతం మారుతుంది. సైకిల్ వాడికి దీని ఫలితం ఏమిటంటే, నా అనుభవంలో, క్యాథలిక్ ఊరి చర్చి పగలంతా తీసే ఉంటుంది. ఎవరో ఒక ముసలామె కొవ్వొత్తి వెలిగించుకుంటూ కనిపిస్తుంది. లూథరన్ ఊళ్ళో ఆదివారం ఆరాధన అయ్యాక తాళం పడే అవకాశాలెక్కువ. ఇందుకే ప్రొటెస్టెంట్ సంఘాలు 'రాడ్‌వేగెకిర్షె', అంటే సైకిల్ బాట చర్చి, అని ఒక గుర్తు పెట్టాయి. ఆ పలక ఉన్న చర్చి వేసవి రోజుల్లో పగటిపూట తీసి ఉంచుతారు. చాలాచోట్ల బల్లా, తాగడానికి నీళ్ళూ ఉంటాయి. గొప్ప ఆలోచన, మెచ్చుకోవాలి. కానీ పేరులోనే ఉంది కదా, అది బాట పక్క చర్చికే. కొండ మీది చర్చికి మీరు తలుపు మీద అంటించిన కాగితం చదివి, తాళంచెవి ఎవరింట్లో ఉందో వెతుక్కుని, కుక్క అరుస్తుంటే గేటు బయట నిలబడాలి. నాకు అలా తాళంచెవి ఇచ్చిన ఒకావిడ చేతులకి పిండి అంటుకుని ఉంది. చెవి ఇస్తూ, "వెళ్ళేటప్పుడు పావురాలు లోపల ఉండిపోకుండా చూడండి," అంది. అంతకుమించి నా గురించి ఏమీ అడగలేదు.

బాద్ మెర్గెంట్‌హైమ్ క్రూసేడుల నాటి ట్యూటానిక్ యోధ సంఘానికి 1525 తరవాత ముఖ్యపట్టణం. 1809లో నెపోలియన్ ఆ సంఘాన్ని ఇక్కణ్ణుంచి లేపేసేదాకా అధిపతులు ఇక్కడే ఉన్నారు. కోట పెద్దది, దాని గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను చెప్పేది అక్కడికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఎగువన ఉన్న ష్టుప్పాఖ్ గురించి. చిన్న పల్లె. 1812లో ఆ ఊరి ఫాదర్ మెర్గెంట్‌హైమ్ కోటలోంచి ఒక మరియమ్మ పటం కొని తెచ్చుకున్నాడు. అది మతియాస్ గ్రూనెవాల్డ్ 1510ల్లో వేసింది. తల్లి ఒడిలో నవ్వుతున్న పసివాడు, వెనక ఇంద్రధనుస్సు, దూరాన తేనెపట్టు గూళ్ళు. రాజధానుల మ్యూజియాలు ప్రాణమిచ్చే చిత్రం ఒక పల్లెటూరి చర్చి పక్క గదిలో ఉంది. అది చూడ్డానికి ఎక్కింది ఎంతసేపో నాకు గుర్తులేదు. దిగేటప్పుడు మాత్రం తొక్కకుండా ఊరిదాకా జారిపోవడం బాగా గుర్తుంది.

లోయలో ఇంకా కిందికి పోతే క్యోనిగ్స్‌హోఫెన్. 1525 జూన్ 2న ఇక్కడి కొండ మీద దొరల మీద తిరగబడ్డ టౌబర్ రైతుల సైన్యాన్ని దొరల పక్షాన ఉన్న స్వేబియన్ కూటమి దళాలు నరికి పోగులు పెట్టాయి. వేలమంది పోయారు. వ్యుర్త్స్‌బుర్గ్ పురపాలకుల్లో ఉన్న రీమెన్‌ష్నైడర్ కూడా ఆ ఏడాదే చెరసాల పాలయ్యాడు. రైతుల మీదికి పోవడానికి ఆ ఊరి పెద్దలు ఒప్పుకోలేదని బిషప్పు కోపం. చిత్రహింసలు పెట్టారు, ఆస్తిలో చాలా భాగం గుంజుకున్నారు. చేతులు విరగ్గొట్టారని కూడా కథ చెప్పుకుంటారు గానీ దానికి ఆధారం లేదు. 1531లో పోయాడు. ఎగువన చూసొచ్చిన ఆ అపొస్తలుల చేతులు ఇక్కడ గుర్తుకొస్తాయి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. గ్రున్‌బాఖ్ అనే వాగు గెర్లాఖ్స్‌హైమ్ దగ్గర టౌబర్‌లో కలుస్తుంది. ఆ వాగు వెంబడి పైకి, గ్రున్స్‌ఫెల్డ్ దాటితే గ్రున్స్‌ఫెల్డ్‌హౌజెన్. ఊళ్ళోకి వచ్చాక చర్చి ఎక్కడా అని వెతుక్కున్నాను. కొండ నెత్తిన వెతికాను, చెట్ల వెనక వెతికాను. చివరికి తల దించితే కనబడింది. అఖాటియుస్ చర్చి గోతిలో ఉంది. చుట్టూ గోడ కట్టిన గొయ్యి, అందులో ఒకదానికొకటి అతుక్కున్న రెండు ఎనిమిది పలకల రాతి గదులు, వాటిలో ఒకదాని మీద గోపురం. 1200 ప్రాంతంలో కట్టినప్పుడు అది నేల మీదే ఉండేది. వాగు పొంగినప్పుడల్లా తెచ్చి పోసిన ఒండ్రుతో చుట్టూ నేల మనిషెత్తు పైగా లేచింది. చర్చి నడుముదాకా పూడిపోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తవ్వి బయటికి తీశారు.

ఆ రోజు తలుపు వేసి ఉంది. చెవి అడగబుద్ధి కాలేదు. గోతిలోకి దిగి, గోడ చుట్టూ ఎనిమిది మూలలూ చేత్తో తడుముకుంటూ రెండుసార్లు తిరిగాను. నా తల మీద ఎక్కడో రోడ్డు మీద ట్రాక్టరు పోతోంది. ఆ నేలంతా ఏరు మోసుకొచ్చిందే. గట్టున ఎందుకు కట్టలేదని అడిగేవాళ్ళకి పాతకాలంవాళ్ళ తరఫున ఆ గొయ్యే జవాబు చెబుతుంది.

నా వాదనకి అడ్డం వచ్చేవి లేకపోలేదు. బ్రోన్‌బాఖ్ మఠం ఉంది, సరిగ్గా ఏటి పక్కనే, బాట పక్కనే. 1151లో స్థాపించిన సిస్టెర్సియన్ మఠం, అంటే బెర్నార్డు బాటలో నడిచే సాధువులది. బెర్నార్డు లోయల్ని, బెనెడిక్టు కొండల్ని ప్రేమించారని పాత లాటిన్ సామెత. బెర్నార్డు సాధువులు పనిగట్టుకుని లోయల్లోనే కట్టేవారు. 1803లో మఠాన్ని రద్దు చేశారు, 1986లో జిల్లా పాలకులు కొని బాగుచేయించారు. తప్పకుండా ఆగండి. నిక్లాస్‌హౌజెన్ కూడా ఏటి ఒడ్డే. 1476లో హాన్స్ బ్యోమ్ అనే గొర్రెల కాపరి, పండగల్లో డోలు వాయించే కుర్రాడు, మరియమ్మ కనిపించిందని చెప్పి ఇక్కడే బోధించాడు. అడవీ నీళ్ళూ అందరివీ, దొరలూ ఫాదర్లూ కూడా కూలి చేసుకు బతకాలి అన్నాడు. వేలకు వేలు జనం నడిచొచ్చారు. ఆ ఏడు జూలై 19న వ్యుర్త్స్‌బుర్గ్‌లో అతన్ని సజీవంగా కాల్చేశారు. ఇప్పుడు ఆ ఊళ్ళోంచి సైకిళ్ళు రెండు నిమిషాల్లో దాటిపోతాయి. మేం మొదటిసారి ఎంతసేపట్లో దాటామో మా బావమరిది ఫోన్లో ఇంకా ఉంటుంది.

బాట లేకపోతే ఈ ఊళ్ళకి ఎవరొస్తారు, ఆ బాటనే తిడతావేం అని ఒక మిత్రుడు అడిగాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం కాదు నేను. బాట లేకపోతే నేనూ ఈ లోయకి వచ్చేవాణ్ణి కాదు. కానీ దాని మీద రోజుకి యాభై కిలోమీటర్లు లెక్కవేసి గదులు ముందే బుక్ చేసుకుంటే, సాయంత్రం నాలుగింటికి ష్టుప్పాఖ్ వైపు బాణం గుర్తు కనబడ్డా తిరగలేం. గది ఎదురుచూస్తుంటుంది. అందుకే రోజుకి పాతిక కిలోమీటర్ల గట్టు, మిగతా పొద్దంతా పక్కదార్లకి వదిలేయమంటాను. నాలుగు రోజులు పడుతుంది. నాలుగు రోజులు లేనివాళ్ళు సగం లోయే చూడండి. వైకర్స్‌హైమ్ నుంచి వెర్ట్‌హైమ్ దాకా పక్కనే రైలుంది, ఎక్కడ వదిలేసినా ఇంటికి చేరొచ్చు. ఎగువ భాగంలో, రోటెన్‌బుర్గ్‌కీ వైకర్స్‌హైమ్‌కీ మధ్య, రైలు లేదు. అక్కడ మాత్రం కాళ్ళనే నమ్ముకోవాలి.

ఇంకో మొండి సలహా. అందరూ పై నుంచి కిందికి తొక్కుతారు, దిగుడు కదా అని. అంత చిన్న వాలు మీద దాని లాభం పెద్దగా ఉండదు. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. రోటెన్‌బుర్గ్ నుంచి మెర్గెంట్‌హైమ్ దాకా ఏరు పడమటికే పోతుంది, అంటే దిగువకి తొక్కేవాడికి గాలి మొహం మీదే. ఎగువకి తొక్కితే వీపు మీద. వెర్ట్‌హైమ్‌లో మొదలుపెట్టి బ్యోమ్, గ్రున్స్‌ఫెల్డ్‌హౌజెన్ గొయ్యి, క్యోనిగ్స్‌హోఫెన్ అన్నీ దాటుకుని వస్తే రీమెన్‌ష్నైడర్ చివర్న వస్తాడు, డెట్‌వాంగ్‌లో ఆ కోసేసిన సిలువ దగ్గర. ఆ పైన రోటెన్‌బుర్గ్ కొండ ఎక్కేటప్పుడు తిట్టుకోవడం మామూలే.

చర్చిలన్నీ ఒకటే, ఒకటి చూస్తే చాలు అనేవాళ్ళతో నేను వాదించను. మొదటి రోజు నాకూ అంతే. మతం నాది కాకపోయినా ఎందుకింత తాపత్రయం అని మాత్రం ఇంట్లో అడిగారు. జవాబు సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ చెక్క అపొస్తలుల మొహాల ఫోటో చూపించాను. మా ఆవిడ చాలాసేపు చూసి, "మూలనున్న ఆయన మా తాతయ్యలా ఉన్నాడు," అంది.

మిగిలింది ఓబర్‌విట్టిగ్‌హౌజెన్. మూడో ఎనిమిది మూలల చర్చి. గుమ్మం చుట్టూ వింత వింత బొమ్మలు చెక్కి ఉంటాయట. మే నెలలో వెళ్దామనుకుంటున్నాం. నిన్న బావమరిది ఫోన్ చేసి, "ఎన్ని కిలోమీటర్లు బావా?" అని అడిగాడు. తక్కువేలే అన్నాను. "ఎక్కుడు ఎంత?" అన్నాడు. లైను సరిగ్గా వినబడటం లేదన్నాను.